గేటు చెంచయ్య కోటు

ఏదీ, ఇట్టా ఇయ్యి అమ్మాయ్. కళ్ళజోడు ఆ కిటికీలో ఉంటుంది, అదీ అందుకో. ఆ. నీ పేరు భవ్య అన్నావు కదూ. నరసరావుపేట కాలేజీలో చదువుతున్నావు, మీ మాస్టారు మన పాత రైలు లైను మీద పుస్తకం వేస్తున్నాడు, ఫోటోల్లో ఉన్నవాళ్ళెవరో నేను గుర్తుపట్టి చెప్పాలి. అంతేగా? సరైన మనిషి దగ్గరికే వచ్చావు. ఈ ఊళ్ళో నాకంటే పాతది ఆ స్టేషనొక్కటే ఉండేది, పెద్ద లైను వేసినప్పుడు దాన్నీ పడగొట్టారు. ఇక మిగిలింది నేను. ఇదేంది, వెనకాల పెన్సిలుతో ఏదో రాశారు. చదువు. 'రైల్వే ఉద్యోగి, పేరు తెలియదు.' రెండోదాని మీద? అదేనా? మూడోదీ అంతేనా? బాగుంది. చూడమ్మాయ్, మన స్టేషన్లో మాస్టరుతో కలిపి పనిచేసింది ముగ్గురే. మీ మాస్టారు కూర్చున్నచోట కూర్చుని ఇంకో ముగ్గురికి ఉద్యోగాలిచ్చాడు. వీళ్ళలో ఒక్కడూ రైల్వేవాడు కాదు. ఈ మీసాలాయన మీరావలి, మిరపకాయలు బస్తాల్లోకి తొక్కేవాడు. ఈయన ఆదాం, మిషన్ బళ్ళో పంతులు, మాకు ఎక్కాలు నేర్పింది ఈయనే. ఇక ఈ మూడోవాడు, ఛాతీ విరుచుకుని జిల్లా కలెక్టరు మాదిరి నిలబడ్డవాడు, మా బావ. మా పున్నమ్మకి స్వయానా అన్న. ఏమే, మీ అన్నకి ఉద్యోగం వచ్చిందంట, రైల్వేలో. వినిపించిందా?

ఎందుకు పొరపడ్డారో నాకు తెలుసులే. కోటు చూసి. నువ్వు ఆ మూడూ పక్కపక్కన పెట్టి, కోటు గుండీలు చూడు. పైగుండీ ఇత్తడిది, మెరుస్తోంది. రెండోది నల్లది, చిన్నది. మూడు ఫోటోల్లోనూ అంతే. మూడూ పెళ్ళి ఫోటోలే. ముగ్గురు పెళ్ళికొడుకులు, కోటు ఒక్కటే. అది చెంచయ్యది. గేటు చెంచయ్య అనేవాళ్ళం, స్టేషనుకి ఇవతల రోడ్డు మీద గేటు వేసేవాడు, తీసేవాడు. చలికాలానికని రైల్వేవాళ్ళు కోటు ఇచ్చారు. ఎవరి కొలతకి కుట్టారోగానీ, అందులో చెంచయ్యలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. పొట్టివాడు, బక్కవాడు. అయినా మన ఎండలకి ఉన్నికోటు ఏందమ్మా, మనిషి ఉడికిపోడూ? అందుకని ఎప్పుడూ చేతుల బనీను, గోచీపంచ. కోటు గేటుగదిలో మేకుకి తగిలించి ఉండేది, పై అధికారి ట్రాలీ మీద వస్తుంటే అప్పుడు గబగబా తొడిగేవాడు. మరి పెళ్ళికొడుకుల ఒంటి మీదికి ఎట్టా వచ్చిందీ అంటావు. అదే చెబుతున్నా. ఆ రోజుల్లో ఫోటో అంటే ఇమాం హుస్సేనే. నరసరావుపేట నుంచి పొద్దుటి బండికి వచ్చేవాడు, పెట్టె, మూడుకాళ్ళ స్టాండు, నల్లగుడ్డ మోసుకుని. మళ్ళీ మధ్యాహ్నం బండికి పోవాలి. ఊళ్ళోకి రమ్మంటే రెండు మైళ్ళు నేను నడవనయ్యా, కావాలంటే పెళ్ళికొడుకే నడిచి రావాలి అనేవాడు. సున్నం కొట్టిన గోడ కూడా స్టేషనుదే కదా. అందుకని మా ఊరి పెళ్ళికొడుకులందరం స్టేషనులోనే ఫోటో దిగాం. స్టేషనుకి వచ్చాక ఎదురుగా మేకుకి కోటు కనబడుతోంది. మొదట ఎవడు అడిగాడో తెలియదు. తరవాత అది ఆచారమైపోయింది. మాంగల్యం ఎంతో చెంచయ్య కోటు అంత. ఏ ఇంటివాడు, ఏ మతంవాడు అని లేదు, అడిగితే ఇచ్చేవాడు. పైసా తీసుకునేవాడు కాదు. ఒక్కటే షరతు. కోటు తిరిగి ఇచ్చేటప్పుడు జేబులో రెండు లడ్లు వేసి ఇవ్వాలి. తనకి కాదు, కూతురికి. కోటిరత్నం అని ఒక్కతే పిల్ల, అయిదారేళ్ళది. పెళ్ళికొడుకు కోటు విప్పడం ఆలస్యం, పరుగెత్తుకొచ్చి మోచేతిదాకా జేబులో చెయ్యి పెట్టేది.

అడిగావూ? మంచి ప్రశ్న. అంత పెద్ద కోటు మా బావకి కుట్టించినట్టు ఎట్టా సరిపోయిందీ అని. అది మా బావ గొప్ప కాదు. ఫోటోలో కింద చూడు. కాళ్ళు లెక్కపెట్టు. చెప్పులేసుకున్నవి రెండు, అవి మా బావవి. వాటి వెనకాల? ఆ, ఇంకో రెండు, ఉత్తకాళ్ళు. మీరావలి వెనకాలా ఉంటయ్యి చూడు. ఆదాం పంతులుగారి పంచె కిందికి ఉంది, ఒక పాదమే కనబడుతోంది. అవన్నీ చెంచయ్యవే. వెనకాల గొంతుక్కూర్చుని, కోటు వదులంతా రెండు పిడికిళ్ళతో లాగి పట్టుకునేవాడు. ఇమాం హుస్సేన్ కెమెరా కంటి మీద మూత తీసి, ఒకటీ రెండూ అని అయిదుదాకా లెక్కపెట్టి మూత పెట్టేదాకా ఊపిరి కూడా పీల్చేవాడు కాదు. 'అబ్బాయ్, నువ్వు కదిలినా ఫరవాలేదు, నేను కదిలితే నీ కోటు జారిపోద్ది' అనేవాడు నవ్వుతూ. అంతమందిని పెద్దమనుషుల్ని చేశాడు మహానుభావుడు. ఇంతాచేసి తనకి ఫోటో లేదు. నువ్వూ దిగవయ్యా అంటే, 'నన్నెవరు పట్టుకుంటారు?' అనేవాడు. నా పెళ్ళయిన రెండో ఏడు జ్వరం వచ్చి నాలుగురోజుల్లో పోయాడు. కోటు రైల్వేవాళ్ళు తీసుకెళ్ళారు. ఆ తరవాత మా ఊరి పెళ్ళికొడుకులంతా మామూలు మనుషులైపోయారు.

కోటిరత్నం ఉందమ్మా, ఎందుకు లేదు. కొత్త స్టేషను ఎదురుగా ఇడ్లీ కొట్టు పెట్టింది. నువ్వు బండి దిగి తినే ఉంటావు, అల్లప్పచ్చడి వేస్తుంది కళ్ళు తిరిగేట్టు. ఆ, తిన్నావా? ఆవిడే. యాభై అయిదు ఉంటయ్యి. నాన్న పోయేనాటికి ఏడెనిమిదేళ్ళది, ఏం గుర్తుంటుంది? మొహం గుర్తులేదంటుంది. ఎవరింట్లో పాత పెళ్ళి ఫోటో ఉందన్నా పోయి చూసి వచ్చేది. మా బావ ఇంటికీ పోయింది, ఆదాం పంతులుగారి ఇంటికీ పోయింది. పాపం వాళ్ళ నాన్న కాళ్ళు మటుకు తెలుసు ఆ పిల్లకి. తద్దినంనాడు అందరిళ్ళల్లో ఫోటోకి దండ వేస్తారు కదా, కోటిరత్నం వాళ్ళ నాన్న రాత్రిళ్ళు రైళ్ళకి చూపించిన గేటు దీపానికి వేస్తుంది. ఎర్రద్దం ఒకవైపు, పచ్చద్దం ఒకవైపు ఉంటయ్యి ఆ దీపానికి. బొట్టు పెట్టి దండ వేస్తుంది. నేను భోజనానికి పోతాను ప్రతి ఏడూ. ఎదురుగా దీపం, ఇటుపక్క నేను. ఒకసారి అడిగింది, 'బాబాయ్, నీ పెళ్ళికీ మా నాన్న కోటే కదా, నీ ఫోటో ఏదీ' అని. నేనేమన్నానంటే... కాసిని మంచినీళ్ళు ఇటు తోస్తావా? నేనేమన్నానంటే, ఇమాం హుస్సేన్ దగ్గరే ఫోటో పడ్డ అద్దం పగిలిపోయిందమ్మా, నాకు ఫోటో లేదు అన్నాను.

పున్నమ్మా, నువ్వు దగ్గకు. చెబుతున్నాగా. ఇన్నేళ్ళనించీ నన్ను సాధిస్తున్నావు, ఇవాళ చెబుతున్నా విను. ఫోటో ఉందమ్మాయ్. ఆ భోషాణంలో అడుగున, పొలం కాగితాల కింద ఉంది. ఏం జరిగిందంటే, నాకు అప్పటికి ఇరవై. చూట్టానికి బాగానే ఉండేవాణ్ణి, ఇప్పుడు చూసి అంచనా వెయ్యకు. కోటు తొడిగాను. చెంచయ్య వెనకాల కూర్చుని లాగి పట్టుకున్నాడు. ఇమాం హుస్సేన్ గుడ్డలోకి దూరాడు. ఇంతలో స్టేషన్లో గంట కొట్టారు. ఆ వేళకి రావలసిన బండి ఏదీ లేదు, ఏదో గూడ్సు తోసుకొస్తోంది. గేటు చూస్తే బార్లా తీసుంది, పట్టాల మీద పత్తిబస్తాల ఎడ్లబండి అడ్డంగా ఉంది. చెంచయ్య కోటు వదిలేసి, పక్కన పెట్టుకున్న జెండా అందుకుని లగెత్తాడు. నాలుగంగలు వేశాడు, అప్పుడే ఇమాం హుస్సేన్ మూత తీశాడు. ఒకటీ అన్నాడు. ఇక చెంచయ్య ఉన్నవాడు ఉన్నట్టు ఆగిపోయాడు. అలవాటమ్మా. మూత తీసుంటే కదలకూడదు, అన్నేళ్ళు అదే పని చేశాడాయె. అవతల గూడ్సు వస్తోంది, ఈ మహానుభావుడు చేతిలో జెండాతో, మొహం మావైపు తిప్పి, నా అవతారం చూసి నవ్వాపుకోలేక, కోటు జారకుండా పొట్ట పెంచు, పొట్ట పెంచు అని తన పొట్ట పెంచి చూపిస్తూ నిలబడ్డాడు. నేనేమో ఏం జరిగిందా అని అటు తిరిగాను. అయిదు అన్నాడు ఇమాం హుస్సేన్. అప్పుడు దూకి పోయి ఎడ్లబండిని దాటించి గేటు వేశాడు. స్టేషన్ మాస్టరు తిట్టిన తిట్లు మేం పెళ్ళిపందిట్లోకి వచ్చేదాకా వినపడినయ్యి.

ఫోటో వచ్చింది. నేనెట్టా ఉన్నానంటే కోటు మోకాళ్ళదాకా జారింది, చేతులు కోటుచేతుల్లో మాయమైనయ్యి, మొహం అలికేసినట్టు ఉంది, కళ్ళూ ముక్కూ ఏమీ లేవు. చెంచయ్య మటుకు పళ్ళతోసహా లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా వచ్చాడు. నా పెళ్ళి ఫోటోలో మొహం ఉన్నవాడు గేటుమాను. ఇంకోటి తియ్యమంటే, ఇంకో అద్దం లేదు, బండి టైమైంది అని ఇమాం హుస్సేన్ ఆ రోజే వెళ్ళిపోయాడాయె. మా బావ చూసి పొలంలో దిష్టిబొమ్మకి పెళ్ళి చేశారా అన్నాడు, పదిమందిలో. ఈ పున్నమ్మ మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. కొత్తపెళ్ళికూతురు, నవ్వొచ్చా? నాకు రోషం వచ్చింది. కాగితంలో చుట్టి భోషాణంలో పడేశాను, మళ్ళీ బయటికి తీయలా. ఊరంతా నవ్వుతారని నలభైతొమ్మిదేళ్ళు దాచాను, అవతల ఆ పిల్ల దీపానికి దండలేస్తోంది. చెప్పుకోడానికి సిగ్గేస్తోందమ్మాయ్. ఒకసారి అబద్ధం ఆడితే ఏటేటా వాళ్ళింట్లో కూర్చుని పప్పన్నం తింటూ మళ్ళీ ఆడినట్టే కదా.

ఇదిగో తాళంచెవి. నువ్వే తియ్యి, నా నడుం వంగదు. అడుగున. ఇంకా కింద. ఆ పచ్చకాగితంలోదే. ఏదీ... వీడమ్మా చెంచయ్య. చూడు, నవ్వు చూడు. ఏందీ? నన్ను చూసి నవ్వుతున్నావా? నవ్వు, ఫరవాలేదు, నాకూ వస్తోంది. పున్నమ్మా, నువ్వూ రా, ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోనక్కర్లేదు. ఆ పెన్సిలు తీసుకో అమ్మాయ్. మీ మాస్టారు రాసినట్టే రాద్దాం. 'గేటుమాను చెంచయ్య. పక్కన కోటులో ఉన్న మనిషి పేరు తెలియదు.' రాశావా? అంతే ఉంచు, నా పేరు వద్దు. ముందు కోటిరత్నానికి చూపించి, తరవాత మీ పుస్తకంలో వేసుకోండి. లేదులే, నువ్వు ఒక్కదానివీ పోవద్దు, నేనూ వస్తా. తిడితే నన్నే తిట్టాలి కదా. ఫోటో దిగిన రోజు, చెంచయ్య నన్ను చూసి నవ్వాడన్న రోషంతో కోటు విప్పి మేకుకి విసిరికొట్టి వచ్చేశాను. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి మోచేతిదాకా చెయ్యి పెట్టింది, నా కళ్ళతో నేను చూశాను. జేబులో ఏమీ లేదు. పున్నమ్మా, డబ్బాలో లడ్లు ఉన్నయ్యా? అయిపోయినయ్యా? సున్నుండలైనా సరే, రెండు తీసి నా చొక్కా జేబులో వెయ్యి. పొట్లం కట్టమాక, ఊరికే వెయ్యి.