పీర్లసామికి చెప్పిన పేరు

ప్రొద్దుటూరులో అన్న అంగడి బోర్డు మీద వేరే పేరు ఉండాదే, ఎవరిది పెద్దమ్మా అంటాండావు కదా. మీ అన్నదే. కొనుక్కున్న పేరు. కూచో, చెప్తా.

మస్తాన్ అని ఎందుకు పెట్టినామో నీకు తెలీదు, మీ అమ్మకు తెల్సు. వానికంటే ముందర నాకొక మగబిడ్డ పుట్టి పోయినాడు. వీడు మూడో నెలలో జరమొచ్చి కండ్లు తేలేసినాడు. దువ్వూరు నుంచి బస్సులో ప్రొద్దుటూరికి ఎత్తకపోతే డాక్టరు సూది వేసి, ఇంక దేవుడే అనె. అది పీర్ల పండగ నెల. ఇంటికొస్తానే పక్కింటి ఖాసింబీ అక్క బిడ్డను నా ఒళ్లోనుంచి తీసుకోని చావిట్లో పీర్ల ముందర పడుకోబెట్టె. బతికితే మస్తాన్ అని పెట్టుకుంటామని సామికి చెప్పు అనె. చెప్పినా. పీర్లను చూసుకునే ముజావరు సాయిబు నల్లదారం కట్టినాడు. తెల్లారికి పాలు తాగినాడు. సూది పని చేసిందా, సామి చూసినాడా, నాకు ఈరోజుకూ తెలీదు పాపా. ఇద్దరికీ మొక్కినా. వాని పెండ్లయ్యేదాకా ఏడాదికి కిలో చక్కెర పీర్ల ముందర పెట్టి వాని పేరున చదివిస్తానంటి. అప్పుడు కిలో పద్నాలుగో పదహైదో. ఒక్క ఏడూ తప్పలేదు.

పెద్దోడై సెల్‌ఫోన్ల అంగడి పెట్టినాడు. అద్దాలు, లైట్లు, లోపలికి పోతే నాకు చలి. పక్కనే ఇంకొకడు అంతకంటే పెద్దది పెట్టె. బేరం తగ్గింది. తగ్గితే ఏం చేయాల? మనిషితో నవ్వుతా మాట్లాడాల. వీడు పోయి పేర్లు మార్చేవాని కాడ కూర్చున్నాడు. వాడు లెక్క కట్టి, దరిద్రమంతా నీ పేరులోనే ఉండాది అన్నాడంట. ఒక పాడిబర్రె కొనేన్ని దుడ్లు తీసుకోని 'విహాన్' అని పెట్టినాడు. నాకు నోరే తిరగదు.

అదన్నా సరే అనుకుంటి. ఒకనాడు నోటుబుక్కు, పచ్చ ఇంకు పెన్ను తెచ్చి నా ఒళ్లో పెట్టినాడు. కొత్త పేరు రోజుకు నూటెనిమిది సార్లు రాయాలంట, కన్నతల్లి రాస్తే శానా పవరంట. పాత పేరు ఇంట్లో పలకగూడదంట, పలికితే అంగడికి దెబ్బంట.

"రేయ్, నువ్వు బతికిందే ఆ పేరుతో కదరా" అన్నా.

"సూదితో బతికినామ్మా. నీది మూఢనమ్మకం" అన్నాడు.

పచ్చ ఇంకు పెన్ను నా చేతికిస్తా అంటాండాడు ఆ మాట.

మొన్న పీర్ల పండగకు రమ్మంటే రానన్నాడు. చక్కెర పొట్లం ఒక్కదాన్నే తీస్కపోయినా. అదే సాయిబు, గడ్డం తెల్లబడింది. ఎవరి పేరున చదవాలమ్మా అన్నాడు. ప్రతి ఏడూ అడిగేదే, నేను టక్కున చెప్పేదే. ఈసారి పొట్లం దారం విప్పుతా నిలబడితి. కొత్త పేరు చెప్తే సామికి వాడెవడో తెలీదు. పాత పేరు చెప్తే... ఎనకాల జనం నిలబడుకోని ఉండారు. సాయిబే నా మొగం చూసి, "మస్తానుకేనా?" అన్నాడు.

తల ఊపినా. అంతే. నోటితో అనలేదు, అంగడికి ఏమన్నా అయితాదేమోనని. బిడ్డ చస్తాంటే బతికించమని అడిగిన చోట, పాపా, వాని పేరు చెప్పడానికి భయపడితి. దుడ్లిచ్చి ఆ భయం కొనుక్కొచ్చింది వాడు. వచ్చి కూచున్నది నా నోట్లో.

రాస్తాండావా అని నన్ను అడగొద్దు. నోటుబుక్కు ఆ బియ్యం డబ్బా మీద ఉండాది. సగం నిండింది.

ఇంద, ఈ చక్కెర నోట్లో వేసుకో. సల్లగా బతుకు తల్లీ. ఈ పొట్లం అన్నకియ్యి. యాడిది అంటే పీర్లది అనొద్దు. అమ్మ ఇచ్చిందని చెప్పు. తింటాడులే...