ఊటకు అడ్డం

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటేడు. సౌదీలోని అసీర్ కొండల్లో, వీసా ఇచ్చి పనికి పిలిపించుకున్న యజమాని, కఫీల్ తోట. పై ఊటకు పోయే ఇరుకు బాటలో నిజామాబాద్ భోజన్న చాయ్ కెటిల్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. లేచే ఉద్దేశం అతనికి ఏ కోశానా లేదు. చేపల ట్యాంకు లారీని కింద ఆపి, కడప అబ్దుల్ ఖాదర్ ఎక్కి వచ్చాడు.

“తొందరగా లెయ్యి భోజన్నా. ట్యాంకులోకి గాలి కొట్టే మోటారు ఆగితే చచ్చే చేపలివి. పై ఊటలో వదలమని కఫీల్ హుకుం.”

“లేవ.”

“శుక్రవారం ఆయన దోస్తులొస్తారంట. గాలాలేసి పట్టుకుంటారంట.”

“కింది మడుగుల పట్టుకోమను. పోయినేడు ఆడ ఇడిసినయి మస్తు బలిసినయి గదా!”

“అవీ ఈ నీళ్ళ చేపలేనంటాడు కఫీల్.”

“అబద్ధం! ఒకటి కోసి చూసిన. పక్కపొంటి గులాబి చార, తోకదాంక నల్ల చుక్కలు, తోక ముంగట చిన్న కండ రెక్క. ఈడి వేలెడు చేపకు ఉన్నదా గా రెక్క?”

“లేదులే. డబ్బా మీద ట్రౌట్ అని రాసుండాది. యాడిదో చలిదేశం ఏటి చేప.”

“దాని కడుపు నిండ ఈడి చిన్న చేపలే. మడుగుల ఒక్కటి మిగల్లే. తినెటియి లేక దోమలు పెరిగినయి. మన లింబాద్రికి చలిజరమొచ్చె, మల్ల లేవలే.”

“లింబాద్రి మాట ఎత్తద్దు.”

“ఎందుకెత్తద్దు? వాని పీనుగ పెట్టె ఎయిర్‌పోర్టుకు పోయింది నీ లారీలనే గదా!”

“చాయ్ పొయ్యి.”

“తొందరన్నవు?”

“తొందరేముంది, పొయ్యి. అయినా మనమూ బయటినుంచి వచ్చినోళ్ళమే కదప్పా.”

“మనం ఎవర్ని మింగినం?”

“పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇంటికి పంపిస్తాడు సామీ!”

“పంపనీ. లడాయిల ఖఫ్జీ ఊరి మీద బాంబులు పడ్డనాడు ఉరికిన. ఇగ ఉరక. మనం తాగే నీళ్ళు గీ ఊటయే. ఆ చిన్న చేపలు మిగిలింది గీడనే. ఇడుస్తనంటే నన్ను తొక్కుకుంట పో.”

“ఇట్లే కూర్చుంటే ట్యాంకులో చేపలు చస్తాయి.”

“సావనీ. భోజన్న అడ్డం పడ్డడని చెప్పు.”

“నిజంగా చెప్పమంటావా? కఫీల్ ముందర మాట మార్చవు కదా?”

“మారిస్తే నా పేరు భోజన్ననే గాదు. అవుగని, ఖాదర్ భాయ్, గాలి మోటారు సప్పుడు ఇనొస్తలేదేంది?”

“మోటారు నేనే కొండ కింద ఆపేసి వచ్చినా. ఇంకో చాయ్ పొయ్యి, ఇద్దరి పేర్లూ చెప్దాం.”