నాన్న ఆఖరి ట్రిప్పు

సాయంత్రం రద్దీలో, బస్టాపు దగ్గర ఒక అక్కా తమ్ముడూ ఎదురుచూస్తున్నారు. తమ్ముడి చేతిలో పూలగుత్తి ఉంది.

"అదిగో, నాన్న నడిపే బస్సే! పూలు వెనక దాచరా. మనల్ని చూడగానే ఆయన మొహం ఎలా వెలిగిపోతుందో చూడు."

"అక్కా, జనం తలుపు దగ్గర వేలాడుతున్నారు."

"అయితే ఏంటి? రేపట్నుంచి రిటైరు. ఆఖరి ట్రిప్పులో కన్నపిల్లల్ని ఎక్కించుకోడా?"

"ఫుట్‌బోర్డు మీద మనుషులుంటే మధ్యలో ఎక్కేవాళ్లకోసం ఆపడు. ఎక్కే తోపులాటలో ఎవరైనా పడిపోతారని భయం."

"చెయ్యి ఊపు! గట్టిగా ఊపరా! నాన్నా! నాన్నా!"

"చూశాడక్కా. మనల్ని చూశాడు."

"చూసి కూడా ఆపలేదురా."

"అద్దంలో మనల్నే చూస్తూ వెళ్లాడు పాపం. డిపోలోనే ఎక్కుదామని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. సర్‌ప్రైజ్ సర్‌ప్రైజ్ అన్నావు."

"స్టాపులో నిలబడితే ఆగుతుందనుకున్నా. కారు ఇంట్లో పెట్టి మరీ వచ్చాను కదరా."

"ఒక్కరోజు పెట్టావులే, మహా త్యాగం!"

"అనరా, అను. 'నా బస్సులో రామ్మా, ముందు సీట్లో కూర్చుందువు' అని ఎన్నిసార్లు పిలిచాడో. 'లేటవుతుంది నాన్నా' అని తాళాలు తీసుకునేదాన్ని."

"ఏడవకు. క్యాబ్ పిలుస్తాను, ముందుకెళ్లి ఎక్కుదాం. ఏ స్టాపులో జనం దిగిపోతారు?"

"నాకేం తెలుసురా? ఎప్పుడైనా ఎక్కితే కదా!"