రేడియో లేని బల్ల

మోంటానాలో జింకల వేటకు ఇంకా వారముంది. కాల్చేసిన తూటాల ఖాళీ గుల్లల్లో మళ్లీ తుపాకీమందు నింపి తూటాలు చేసుకోవడానికి అన్నదమ్ములిద్దరూ గ్యారేజీలో కొత్త బల్ల బిగిస్తున్నారు. నిరుడు చేతిలో తుపాకీ పగిలి కుడికన్ను పోగొట్టుకున్న తమ్ముడే మరలు తిప్పుతున్నాడు. అతని ముఖం చూడలేక అన్న మేకుల డబ్బాలో ఏదో వెతుకుతున్నాడు.

"రేడియో ఎక్కడ పెడదాం అన్నా?"

"వద్దురా."

"అదేంటి, అది మోగకపోతే నీకు చెయ్యాడదుగా!"

"ఒరేయ్... నీ తుపాకీలో లోపమేం లేదురా. నీకు తూటాలు నింపిన రోజు రేడియోలో ఆట వింటూ ఒకే గుల్లలో రెండుసార్లు మందు పోశాను, అందుకే అది పగిలింది. ఏడాదిగా నీకు చెప్పలేక చస్తున్నాను."

తమ్ముడు మరను చివరిదాకా బిగించాడు.

"తెలుసు. నువ్విచ్చిన తూటాల డబ్బాలో మిగిలినవి విప్పి మందు తూచాను. ఇంకోటి కూడా అలాగే ఉంది."

"మరి ఒక్క మాటైనా అనలేదేంరా?"

"నువ్వే చెప్తావేమోనని చూశా. చెప్పకపోతే బల్ల బిగించిచ్చి, నా తూటాలు కొట్లో కొనుక్కుందామనుకున్నా."

"ఇప్పుడో?"

"ఇప్పుడు నువ్వే నింపు. పక్కన కూర్చుని, ఉన్న కన్నుతో చూస్తుంటా."