కొక్కేనికి ఎర్ర తువ్వాలు

చెప్పండి, ఇప్పుడు మీరేం చూశారు? టీ గ్లాసులు పక్కన పెట్టి మరీ చెప్పండి. ఎదురుగా ఆ డాన్సు స్కూలు కిటికీలోంచి అందరూ చూశారుగా!

"మీ మనవరాలు తిరిగింది, పడింది," అన్నాడు టీకొట్టాయన.

అదీ మీ చూపు! పడ్డం కనబడింది గానీ ఎందుకు పడిందో కనబడలేదు. ఒంటికాలి మునివేళ్ల మీద గిర్రున తిరగడం అది. పిరువెట్ అంటారట, కాలికంటే ముందు నోరు తిరగాలి. ఇంకో పావుగంటలో టీచరమ్మ ముందు పడకుండా రెండు చుట్లు తిరిగితే పెద్ద క్లాసుకి వెళ్తుంది. లేదంటే మరో ఏడాది చిన్నపిల్లల వరసలోనే. పొద్దున్నుంచీ మొదటి చుట్టు బాగానే వస్తోంది, రెండోదానికి చతికిలబడుతోంది. ఇదిగో, మోకాళ్లు దులుపుకుంటూ వచ్చి నా పక్కనే కూర్చుంది, మూతి ఇంత చేసుకుని. ఏమే అమ్మడూ, విను.

నేను ముప్పై నాలుగేళ్లు లేతు మిషను మీద ఇనుము తిప్పినవాణ్ణి. రెండు వేళ్ల కొసలు దానికే సమర్పించుకున్నాను. తిరగడం గురించి నాకెవడూ పాఠం చెప్పక్కర్లేదు. కడ్డీ సెంటరు తప్పిందా, ఎంత బిగించినా గజగజలాడుతుంది. మనిషైనా అంతే!

ఒకసారి ఈ స్కూల్లోనే, పిల్లలు పట్టుకునే గోడ కడ్డీ ఊడిపోతే బిగించమని నన్ను పిలిచారు. మీ టీచరమ్మకి అప్పుడు పద్దెనిమిదేళ్లు. అచ్చం నీలాగే రెండో చుట్టుకి తూలుతోంది. చూసి చూసి ఒళ్లు మండి, స్పానరు కింద పడేసి, "ఆగు తల్లీ" అన్నాను. "వీపు తాపీమేస్త్రి వేలాడదీసే గుండుదారంలా నిటారుగా పెట్టు. చేతులు అలా చాపేయకు, గుండెల ముందుకి లాక్కో. అన్నిటికంటే ముందు ఆ చూపు! నేలకేసి చూస్తే నేలే పిలుస్తుంది." ఇదిగో, ఈ భుజం మీద ఉన్నదాని లాంటిదే, ఎర్ర తువ్వాలు తీసి ఎదురుగా కొక్కేనికి తగిలించాను. "ఒళ్లు తిరిగినా కళ్లు దీన్ని వదలకూడదు. ఇక మెడ తిరగదనగా తల గిరుక్కున తిప్పి, ఒంటికంటే ముందే మళ్లీ తువ్వాలు దగ్గరికి వచ్చేయాలి."

మూడు చుట్లు తిరిగింది!

"అంతవరకు నమ్మొచ్చు," అన్నాడు పక్క బల్ల మీది దర్జీ.

నమ్మక ఏం చేస్తావు? మూడు తొమ్మిదైంది, తొమ్మిది తొంభై అయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గాలికి గోడ మీద క్యాలెండర్లో ఆర్నెల్లు ఎగిరిపోయాయి. జూన్లో మొదలుపెట్టాం, చూస్తే డిసెంబరు వచ్చి కూర్చుంది. స్వెట్టరు కోసం ఇంటికి పరిగెత్తాను!

"నువ్వు తిరిగొచ్చేదాకా తిరుగుతూనే ఉందా బాబాయ్?" అన్నాడు దర్జీ.

మధ్యలో మాటలొద్దు! కాలికింద చెక్క నేల, లేతు మీద ఇనప పొట్టు లేచినట్టు సుళ్లు సుళ్లుగా లేచిపోతోంది. బస్తాలకెత్తాం. ఈ కొట్లో పొయ్యి రెండేళ్లు ఆ పొట్టుతోనే మండింది.

"మాకు మొదట్నుంచీ గ్యాసే," అన్నాడు టీకొట్టాయన.

మీ నాన్ననడుగు! అలా తిరుగుతూనే ఆవిడ మోకాలి లోతు దిగిందా, నడుం లోతు దిగిందా, బుడుంగుమని నీళ్లు పడ్డాయి. స్కూల్లో బోరుందే, అది ఎవరు వేశారనుకున్నారు? ఆవిడ బొటనవేలు! ఇక ఆపడమెలా? నాకేమో చెమటలు పట్టాయి. తుడుచుకుందామని కొక్కెం మీది తువ్వాలు తీశాను. అంతే! కొట్టిన మేకులా ఆగిపోయి, "ఏదీ నా తువ్వాలు?" అంది.

"డిసెంబర్లో చెమటలా?" అంది వెనక నుంచి ఓ గొంతు.

టీచరమ్మ. ఎప్పుడొచ్చిందో, టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. నేను తగ్గుతానా? "చెప్పమ్మా వీళ్లకి, నీకు తిరగడం నేర్పిందెవరో!" అన్నాను.

"కడ్డీ బిగించిన మాట నిజం," అంది తాపీగా. "తువ్వాలు కొక్కేనికి తగిలించిందీ నిజమే, పనికి అడ్డమని. నేను దాన్నే చూస్తూ తిరుగుతుంటే, 'నీకు కళ్లు తిరగవా తల్లీ' అని ఈయనే అడిగారు. కిటుకు చెప్పాను. తనూ తిరుగుతానన్నారు. ఒక్క చుట్టయినా పూర్తవలేదు, వెళ్లి నీళ్ల బకెట్లో కూర్చున్నారు. ఆ బోరేదో అప్పుడే పడి ఉంటుంది."

కొట్టంతా గొల్లుమంది. నా మనవరాలైతే నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది, అదీ నా భుజం మీది తువ్వాలు లాక్కుని. పొద్దున్నుంచీ ఆ మొహంలో నవ్వు చూడ్డం అదే మొదలు. "బకెట్లోనా తాతయ్యా!" అంటూ తువ్వాలు పట్టుకునే టీచరమ్మ వెంట పరిగెత్తింది. కిటికీలోంచి చూద్దును కదా, కొక్కేనికి తగిలిస్తోంది.

ముప్పై నాలుగేళ్లు మిషను ముందు రెప్ప వేయనివాణ్ణి. వేళ్లు తెగినప్పుడు కూడా చూస్తూనే ఉన్నాను. అలాంటిది ఆ పిల్ల ఒక కాలు వెనక్కి పెట్టి, మోకాళ్లు వంచి ఊపు తీసుకునేసరికి నా కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

"చూపు వదలొద్దని దానికి చెప్పి నువ్వు కళ్లు మూసుకుంటావేం బాబాయ్!" అన్నాడు దర్జీ.

తెరిచి చూస్తే నా పిల్ల నిటారుగా నిలబడి ఉంది, అచ్చం గుండుదారంలా. టీచరమ్మ చప్పట్లు కొడుతోంది. నిలబడిందండీ, అది మాత్రం నా కళ్లతో చూశాను, ఇందులో కోతల్లేవు. కానీ ఎన్ని తిరిగి నిలబడింది? రేపు ఇదే కొట్లో చెప్పుకోవాలి కదా. మీ కళ్లు తెరిచే ఉన్నాయిగా, చెప్పండి, రెండా, మూడా?