ఆరేళ్ళ బ్యాంక్సియా

అమెరికాలో శాన్‌హొసే దగ్గర ఒక యూనివర్సిటీ తోట. మొక్కల సలహాలు చెప్పే బల్ల మీద ఆమె జిప్‌లాక్ కవర్ పెట్టింది. బల్ల వెనకున్న తెలుగు స్టూడెంట్ అందులోని కొమ్మను తిప్పి చూశాడు.

“రంపం పళ్ళలాంటి ఆకు, అడుగున తెల్లటి నూగు. బ్యాంక్సియా అక్కా, ఆస్ట్రేలియా మొక్క. ఎవరు పెంచారు?”

“మా ఆయన. విత్తనం వేసి ఆరేళ్ళు. మొదటి మొగ్గ వేసిందో లేదో, వీసా స్టాంపింగ్‌కని హైదరాబాద్ వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాడు. నాలుగు నెలలైంది. రోజూ పువ్వు ఫోటో పంపమంటాడు. ఇదేమో మాడిపోతోంది. పక్కింటాయన ఏదో మందు కొట్టాడని నా డౌట్.”

“మీరేమైనా వేశారా?”

“మందా? ఛ! గులాబీలకు వేసే ఎముకల పొడి వేశాను, వారం వారం. బలానికి.”

“అయ్యో అక్కా! ఆ పొడి నిండా ఫాస్ఫరసే. దీనికది విషం.”

 ఇన్నాళ్ళూ ఆమె పక్కింటాయన్ని తిట్టుకుంది.

“అంటే, నేనేనా? సరే, విరుగుడు ఏం వెయ్యాలో చెప్పు తమ్ముడూ.”

“ఇంకేమీ వెయ్యకండి. పైమట్టి తీసేసి, నీళ్ళు బాగా పట్టి, వెయిట్ చెయ్యడమే.”

“బతుకుతుందా?”

“చెప్పలేనక్కా. బావగారు ఎప్పుడొస్తారు?”

ఆమె కొమ్మను మళ్ళీ కవర్‌లో పెట్టుకుంది.

“వీసా వాళ్ళు కూడా వెయిట్ చెయ్యమనే అన్నారు.”