సిరప్ ఆపినందుకే కొట్టాను

నా పేరు, చిరునామా మీరు ముందే రాసుకున్నారు. వయసు నలభై ఒకటి. బట్టలు కుడతాను. నేను కొట్టానని ఫిర్యాదు ఇచ్చిన మనిషి నా భర్తకు స్వయానా అన్న, నాకు బావగారు.

నా భర్తకు కాలేయం గట్టిపడిపోయి మూడేళ్లయింది. కామెర్ల వైరస్ వల్ల వచ్చింది. ఆయన తాగడు. ఎంతమందికి చెప్పానో, మళ్లీ చెబుతున్నాను, ఆయన తాగడు. ఉప్పు లేకుండా వండిపెడతాను. పొట్టలో నీరు చేరితే ఆసుపత్రిలో తీయిస్తాను. రోజూ ఒక తియ్యటి సిరప్ పట్టాలి. దాంతో రెండు మూడు విరేచనాలవుతాయి, అవ్వాలి కూడా. లేకపోతే ఒంట్లోని విషం మెదడుకెక్కుతుందని, నిద్రమాత్రలు అసలు ఇవ్వొద్దని డాక్టరమ్మ చెప్పింది. బావగారి ఎదుటే చెప్పింది.

శుక్రవారం ఒక పెళ్లివారి బట్టలు వాళ్లింట్లోనే కుట్టాల్సి ఉండి, ఆయన్ని బావగారింట్లో దింపి పొరుగూరు వెళ్లాను. ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చాను. హాల్లో చుట్టాలు కాఫీ తాగుతున్నారు. వెనకగదికి బయట గడియ పెట్టి ఉంది. తీశాను. ఆయన చొక్కాని కాళ్లకు తొడుక్కోవాలని చూస్తున్నాడు. చేతులు చాపమంటే అరచేతులు కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి, "ఎవరు కావాలండీ?" అన్నాడు. పంతొమ్మిదేళ్ల కాపురం మాది.

కిటికీలో సిరప్ సీసాకు సీలు కూడా తీయలేదు. దాన్ని పట్టుకుని హాల్లోకి వెళ్లి బావగారిని అడిగాను.

ఆయన గొంతు తగ్గించి, "చుట్టాలొచ్చారు కదమ్మా. వాడు మాటిమాటికీ బాత్రూమ్‌కి పరిగెడితే ఏం బావుంటుంది? రెండ్రోజులు ఆపితే కొంపేం మునగదు. గోల చేస్తుంటే నా నిద్రమాత్ర ఒకటి వేశాను" అన్నాడు.

ఇంతలో చుట్టాల్లో ఒకాయన, లోపలున్నాయన తాగి ఉన్నాడా అని అడిగాడు. బావగారు కాదనలేదు. తల దించుకుని, "ఏం చేస్తాం, మా ఖర్మ" అన్నాడు.

అప్పుడు కొట్టాను. ఆ సీసాతోనే. నుదురు చిట్లింది. ఇంకోటి వేసేదాన్నే, తోటికోడలు పట్టుకుంది.

ఆసుపత్రిలో ఎనిమా ఇచ్చారు, సెలైన్ పెట్టారు. మర్నాడు సాయంత్రానికి ఆయన నన్ను గుర్తుపట్టాడు. పట్టగానే, "అన్నయ్య భోంచేశాడా?" అని అడిగాడు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతోంది.

బావగారు రాజీకి సిద్ధమేనని, తొందరపాటున కొట్టానని రాస్తే సరిపోతుందని మీ స్టేషన్ రైటరుగారు అన్నారు. నేను తొందరేం పడలేదు. చూసుకునే కొట్టాను. అందుకని ఆ మాట కొట్టేయించాను. మిగతాదంతా చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, అంతా నిజం.

(సంతకం)